పాత ఫైబర్ బోటు, 40 హార్స్ ఎండ్యూరో: చిలికాలో ఇంటిల్లిపాదికీ సరిపోతుందా?

బరంపురం, ఛత్రపురం వైపు నుంచి రంభ వెళ్లి కుటుంబంతో చిలికాలో తిరగడానికి పాత బోటు వెతికేవాళ్లకు మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది గోపాలపురం తీరంలో వేటకు తోసే ఫైబర్ తెప్ప. రెండోది డీజిల్ ఇంజను చెక్క పడవ. మూడోది పర్యాటకులను తిప్పి తిప్పి పక్కన పెట్టిన 18–20 అడుగుల ఓపెన్ ఫైబర్ బోటు, వెనక తగిలించే 40 హార్స్ పవర్ యమహా ఎండ్యూరో ఇంజను. తెప్పను అల కోయడానికి కట్టారు. వెడల్పు తక్కువ, కూర్చునే చోటు లేదు, పిల్లలు ఒక పక్కకు చేరితే అదీ ఆ పక్కకే ఒరుగుతుంది. చెక్క పడవకు ఏటా అతుకులు పూడ్చాలి, పొడవాటి షాఫ్టు చివర తిరిగే ఫ్యానుకు ఏ కాపలా ఉండదు. కుటుంబానికి పనికొచ్చేది మూడోదే. అదైనా వెనక పలక, అంటే ఇంజను తగిలించే బోటు వెనక గోడ, పొడిగా ఉంటేనే.

చాలామంది ముందు ఇంజను కవరు ఎత్తుతారు. అది తప్పు వరుస. ఇంజనుకు సామాను దొరుకుతుంది, బాగుచేసే మెకానిక్కూ దొరుకుతాడు. పలక కుళ్లితే బోటు ధర లెక్కే మారిపోతుంది. ఆ పలక లోపల ప్లైవుడ్, పైన ఫైబర్ పొర. బోల్టు రంధ్రాలకు సీలెంట్ పెట్టకపోయినా, నీళ్లు వదిలే బిరడా చుట్టూ పగిలినా, తడి లోపలికి దిగి ఏళ్లతరబడి అక్కడే ఉంటుంది. పైకి మాత్రం మెరుస్తూనే కనిపిస్తుంది.

పరీక్ష సులువు. ఇంజనును పైకి లేపి లాక్ వేయండి. కింది కొసన ఉన్న రెక్కను పట్టుకుని కిందికీ పైకీ గట్టిగా ఊపండి, ఇంకొకరు పలకనే చూస్తుండాలి. పలక కాస్త వంగినా, బ్రాకెట్ చుట్టూ సాలెగూడులాంటి పగుళ్లు తెరుచుకున్నా లోపలి చెక్క పోయినట్టే. తర్వాత ప్లాస్టిక్ సుత్తితో అంగుళం అంగుళం కొట్టి వినండి. గట్టిగా టక్కుమంటే మంచిది, మొద్దుగా మోగితే చెడ్డది. ఇంకా అనుమానం ఉంటే లోపలి వైపు, అడుగు దగ్గర, 3 మిల్లీమీటర్ల డ్రిల్లుతో చిన్న రంధ్రం వేయించండి. పొడి లేత రంగులో రాలితే సరి, నల్లగా ముద్దగా వస్తే వద్దు. రంధ్రాన్ని సీలెంట్‌తో అప్పుడే మూసేయండి. దీనికి ఒప్పుకోని అమ్మకందారుతో బేరం ఆపేయడమే మంచిది.

కుళ్లిన పలకను మార్చవచ్చు. లోపలి పొర కోసి పాత చెక్కంతా తీసేసి, ఐఎస్ 710 ముద్ర ఉన్న 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై రెండు అంటించి, పైన చదరపు మీటరుకు 450 గ్రాముల గాజునార మ్యాట్ పొరలు రెసిన్‌తో (గట్టిపడే జిగురు ద్రవం) వేయాలి. ముద్ర కింద 303 అని ఉంటే అది మెరైన్ ప్లై కాదు, ఎవరు ఎంత చెప్పినా తీసుకోవద్దు. రెసిన్ మ్యాట్ బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్లు, హార్డ్‌నర్ రెసిన్‌లో 1–2 శాతం. హార్డ్‌నర్‌నూ, గట్టిపడటాన్ని త్వరపరిచే కోబాల్టునూ నేరుగా కలిపితే పేలుతుంది. ముందు కోబాల్టు రెసిన్‌లో బాగా కలిశాకే హార్డ్‌నర్ పోయాలి. వానాకాలం ఈ పని పెట్టుకోకూడదు. తడి గాలిలో మ్యాట్ సరిగ్గా పట్టదు.

పలక తర్వాత నేల. చెప్పులు విప్పి మడమతో నొక్కుతూ నడవండి. ఎక్కడ మెత్తగా దిగితే అక్కడ కింద ఆనే పట్టీలు కుళ్లాయి. నేల కింది ఫోము నీళ్లు పీల్చిందో లేదో కంటికి తెలియదు. లారీ మీద ఎక్కించి వేబ్రిడ్జిలో తూయించండి. అదే కొలత పొడి బోటు కంటే వంద కిలోలు ఎక్కువ తూగితే ఆ వంద కిలోలూ చాలావరకు నీళ్లే. ఈ తీరం బోట్లకు ఇంకో పరీక్ష కావాలి. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస వైపు. అప్పుడు బోల్తాపడి అతుకులు వేయించుకున్న బోట్లు రంగు వేసుకుని చేతులు మారుతుంటాయి. చీకటి పడ్డాక లోపల గట్టి టార్చి పెట్టి బయటి నుంచి చూడండి. రంగు మరీ దట్టంగా లేకపోతే వెలుతురు ఒకే తీరుగా కనిపించాలి. అతుకు ఉన్న చోట నల్లని మచ్చ తేలుతుంది.

ఇక ఇంజను. ఈ ఎండ్యూరో రెండు సిలిండర్ల టూ స్ట్రోక్, 703 సీసీ, బరువు 70 కిలోల పైమాటే. దీని గొప్ప సరళత్వం. కార్బురేటరూ స్టార్టు చేసే తాడూ తప్ప చెడటానికి పెద్దగా ఏమీ లేదు. లోపం పెట్రోలు దాహం. ఫుల్ మీద గంటకు 18–20 లీటర్లు తాగుతుంది. మోడల్ అక్షరాలు ఈకే అని మొదలైతే అది కిరోసిన్ ఇంజను. మసి ఎక్కువ, కుటుంబ బోటుకు వద్దు.

వెళ్లేసరికి ఇంజను వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగండి. స్టార్టింగు జబ్బును దాచడానికే ముందుగా వేడి చేసి ఉంచుతారు. ప్లగ్గులు తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) కొలవండి. రెండు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. కింది గేరు ఆయిల్ బిరడా వదులు చేసి నాలుగు చుక్కలు చూడండి. పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి నీళ్లు చేరాయి. చిలికాలో దీనికి ముఖ్య కారణం వల దారం. ఫ్యాను వెనక చుట్టుకుని సీలును కోసేస్తుంది. అందుకే ఫ్యాను విప్పి చూడకుండా కొనకండి.

ఇంజనును చల్లబరిచి బయటికి చిమ్మే నీళ్ల ధార ఆగకుండా రావాలి. గడ్డి పట్టినా, ఇసుక తోడినా లోపల నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ అరిగి ధార సన్నబడుతుంది. పాత బోటు కొన్న వారమే ఇంపెల్లర్ మార్చేయడం మంచిది. ఉప్పునీటిలో తిప్పిన ప్రతిసారీ 10–15 నిమిషాలు మంచినీటితో కడగాలి. ఇంజనుకు తుప్పు పట్టకుండా తామే కరిగే జింకు దిమ్మెలు సగం కరిగితే మార్చాలి. వాటికి రంగు వేసి ఉంటే ఇంజనును చూసుకున్నవాడికి పని తెలియదని అర్థం, ఎందుకంటే రంగు వేసిన జింకు పనిచేయదు.

ఆయిల్ లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25 లీటర్ల డబ్బాకు అర లీటరు. నీటితో చల్లబడే బోటు ఇంజన్ల ప్రమాణమైన టీసీ-డబ్ల్యూ3 అని రాసిందే పోయాలి. స్కూటర్ల టూటీ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్లది, దీనిలో మసి పట్టిస్తుంది. ఇప్పుడు పంపుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. గొట్టాలన్నీ మార్చి, నీటిని వేరుచేసే ఫిల్టర్ పెట్టండి. కలిపిన పెట్రోలును నెలల తరబడి నిలవ ఉంచకండి.

నీళ్లలో పరీక్ష లేకుండా డబ్బు ఇవ్వొద్దు. మీ ఇంట్లో ఎందరు ఎక్కుతారో అంత బరువుతోనే వెళ్లండి. ఫుల్ థ్రాటిల్‌లో 4500–5500 ఆర్‌పీఎం మధ్య అందుకోవాలి. అంతకు దిగువన ఆగిపోతే ఫ్యాను పిచ్ (ఒక చుట్టుకు ముందుకు తోసే దూరం) ఎక్కువైనా అయి ఉండాలి, సిలిండర్ బలహీనపడైనా ఉండాలి, లేదా బోటే నీళ్లు మోస్తుండాలి. ఇంజనుకు ఫ్యాను పైన ఉండే అడ్డపలక బోటు అడుగు మట్టానికి సరిగ్గా రావాలి. 15 అంగుళాల పలకకు 20 అంగుళాల షాఫ్టు తగిలించిన బోట్లు తరచూ అమ్మకానికి వస్తాయి. అవి లోతు తక్కువ చోట ముందు నేలను తాకుతాయి. వేసవిలో చిలికా కొన్నిచోట్ల నడుములోతు కూడా ఉండదు, అందుకే గెడ ఒకటి బోటులో తప్పనిసరి.

ఎంతమంది? పొడవూ వెడల్పూ అడుగుల్లో గుణించి 15తో భాగించండి. 19 అడుగుల పొడవు, ఆరున్నర వెడల్పు అయితే ఎనిమిది. చిలికాలో మధ్యాహ్నం గాలి లేస్తే లోతు లేని నీటిలో పొట్టి అలలు నిటారుగా లేస్తాయి కాబట్టి ఆరుగురికి మించొద్దు. ఆరుగురికీ లైఫ్ జాకెట్లు, పిల్లలవి కాళ్ల మధ్య పట్టీ ఉన్నవి.

కాగితాల్లో ఇంజను నెంబరు, బ్రాకెట్ మీది రేకుపై నెంబరు ఒకటే అయి ఉండాలి. రేకు గీకి ఉంటే వదిలేయండి. లోనీటి బోట్లకు 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్టు అడగండి. ఐఎన్‌డి అక్షరాలతో మొదలయ్యే నెంబరు చేపల వేట బోటుది, దాన్ని కుటుంబ బోటు కాగితంగా ఒప్పుకోకండి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తెచ్చే బోటైతే పేరు మార్పు, అక్కడి ఎన్‌ఓసీ అమ్మేవాడి పని. అవి చేతికొచ్చాకే మిగతా డబ్బు.