క్లాట్ పాత ప్రశ్నపత్రాలు: చాలాకాలం వాడాక నా సమీక్ష

నేషనల్ లా యూనివర్సిటీల ఎంట్రన్స్ క్లాట్‌కి ప్రిపేర్ అవుతున్నానని చెప్పగానే చుట్టూ ఉన్నవాళ్లు ముందు అడిగేది ఏ కోచింగ్ అని. ఆ తర్వాత ఏ పుస్తకాలు అని. పాత ప్రశ్నపత్రాల సంగతి ఎవరూ ఎత్తరు. చివరి నెలలో ఒకసారి చేసి చూసుకుంటే చాలనుకుంటారు. నేను ఇంటర్ ఎంపీసీ చదువుతూ వాటితోనే మొదలుపెట్టాను. లా కాలేజీలో చేరాక కూడా మా బాబాయి కూతురికి, దాని స్నేహితులకి చెప్పడానికి ఇంకా వాటినే వాడుతున్నాను. మధ్యలో కోచింగ్ మెటీరియల్, మాక్ టెస్టులు, నెలనెలా వచ్చే జీకే పీడీఎఫ్‌లు అన్నీ చూశాను. పెట్టిన టైముకి తగ్గ ఫలితం ఇచ్చినవి పాత పేపర్లే. పైగా ఉచితం, ఈ పరీక్ష పెట్టే లా యూనివర్సిటీల కన్సార్షియం వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. అలాగని అన్ని పేపర్లూ ఒకేలా పనికిరావు, అన్ని సెక్షన్లకూ అసలే పనికిరావు.

ముందు ఏ ఏడాదివి తీసుకోవాలో చెప్తాను. క్లాట్ 2008లో మొదలైంది. అంతకుముందు ఒక్కో లా యూనివర్సిటీకి ఒక్కో ఎంట్రన్స్ ఉండేది. 2019 వరకూ 200 ప్రశ్నల పేపర్. జీకే అంటే బిట్లు. లీగల్ అంటే ఎక్కువగా ఒక సూత్రం, దాని కింద నాలుగు లైన్ల కథ. 2020లో మొత్తం మారిపోయింది. ప్రతి సెక్షన్‌లోనూ పాసేజీలే, 150 ప్రశ్నలు. 2023 డిసెంబరులో జరిగిన క్లాట్ 2024 నుంచి ప్రశ్నలు 120కి తగ్గాయి. టైము మాత్రం అదే రెండు గంటలు.

అందుకే 2020కి ముందు పేపర్లను యథాతథంగా టైము పెట్టుకుని రాయడం దండగ. వాటిలో జీకేని అసలు ముట్టుకోవద్దు. లీగల్ సెక్షన్‌లోని ఆ చిన్న కథలు మాత్రం తీసి పెట్టుకోండి. లా అంటే ఏమీ తెలియని ఇంటర్ పిల్లలకి మొదటి వారాల్లో నేను అవే ఇస్తాను. పొడవాటి పాసేజీ చూసి బెదిరిపోయే లోపు, సూత్రాన్ని కథకి ఎలా అన్వయించాలో చేతికి అలవాటవుతుంది. 2020 నుంచి 2023 వరకూ ఉన్న 150 ప్రశ్నల పేపర్లు అసలైన సరుకు. ఒక్కో సెక్షన్‌లో ఒక పాసేజీ తీసేస్తే దాదాపు ఇప్పటి కొలతకి వస్తాయి. తీసేసిన పాసేజీలు పారేయకుండా విడిగా దాచుకుంటే తర్వాత పనికొస్తాయి.

ఈ పేపర్ల విలువ బాగా తెలిసేది లీగల్ రీజనింగ్‌లో. 120 ప్రశ్నల్లో 28 నుంచి 32 దాకా ఇందులోంచే వస్తాయి. ఆ తరహా ప్రశ్న ఒకటి నా మాటల్లో రాస్తాను. పాసేజీ దొంగతనం గురించి. ఒకరి స్వాధీనంలో ఉన్న వస్తువుని, వాళ్ల అనుమతి లేకుండా, దురుద్దేశంతో తీసుకుంటే దొంగతనం అవుతుందని అందులో ఉంటుంది. రిపేరు డబ్బులు వచ్చేదాకా వస్తువుని తన దగ్గరే ఉంచుకునే హక్కు రిపేరు చేసినవాడికి ఉందని కూడా ఉంటుంది. ఇక కథ. ఒకాయన తన వాచీ రిపేరుకి ఇచ్చాడు. పని అయిపోయింది. డబ్బులిస్తే వాచీ ఇస్తానని షాపతను దాన్ని దగ్గర పెట్టుకున్నాడు. షాపులో ఎవరూ లేని సమయం చూసి, డబ్బులు ఎగ్గొట్టే ఉద్దేశంతో, ఆయన తన వాచీ తాను తీసుకుని వెళ్లిపోయాడు. ఇది దొంగతనమా?

"అక్కా, వాచీ ఆయనదే కదా. సొంత వస్తువుని దొంగతనం చేయడమేంటి?" అంది మా చెల్లి, పాసేజీ సగం కూడా చదవకుండానే.

"సొంత వస్తువైతే దొంగతనం కాదని పాసేజీలో ఎక్కడుందో చూపించు."

మళ్లీ మొదటినుంచి చదివింది. "ఎక్కడా లేదక్కా. ఎవరి స్వాధీనంలో ఉందన్నదే చూడమన్నాడు."

"మరి అప్పుడు వాచీ ఎవరి దగ్గరుంది?"

అంతటితో అయిపోలేదు. ఇలాంటి ప్రశ్నలకి రెండు ఆప్షన్లు 'దొంగతనమే' అంటాయి. ఒకటి రిపేరు డబ్బులు కట్టలేదు కాబట్టి అంటుంది. రెండోది షాపతని స్వాధీనంలోంచి అనుమతి లేకుండా, దురుద్దేశంతో తీశాడు కాబట్టి అంటుంది. మా చెల్లి మొదటిదానికి టిక్కు పెట్టింది. బాకీ ఎగ్గొడితే దొంగతనమని పాసేజీ ఎక్కడా చెప్పలేదు. తీర్పు కరెక్టే, కారణం తప్పు, మార్కు పోయింది. మంచి పేపర్‌లో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

ఈ వాచీ కథ నేను కల్పించింది కాదు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 378వ సెక్షన్ కింద ఉదాహరణగా ఇచ్చారు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 303వ సెక్షన్. దాని పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. అదే వాచీ, అదే షాపు, కానీ ఆయన రూపాయి కూడా బాకీ లేడు. అందరి ఎదుటా షాపతని చేతిలోంచి వాచీ లాక్కుపోయాడు. అక్రమ ప్రవేశం, దౌర్జన్యం లాంటి నేరాలు అవ్వొచ్చుగానీ దురుద్దేశం లేదు కాబట్టి దొంగతనం మాత్రం కాదు. ఒక్క విషయం మారితే జవాబు తలకిందులైంది. పాత పేపర్లు అయిపోయినప్పుడు నేను చేసే పని ఇదే. చట్టంలోని ఉదాహరణలు తీసి, జవాబుకి చెయ్యి అడ్డం పెట్టి పిల్లల్ని అడుగుతాను. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో కూడా ఇలాంటివి బోలెడున్నాయి. ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో చట్టాలన్నీ ఉచితంగానే దొరుకుతాయి. సెక్షన్ నంబర్లు బట్టీ పట్టమని కాదు. క్లాట్‌కి అవేవీ అక్కర్లేదు. ఇంకా చెప్పాలంటే, లా ముందే చదువుకున్నవాళ్లే పాసేజీలో లేని సంగతులు తెచ్చి జవాబులో కలిపేస్తుంటారు.

నేను డబ్బులు పెట్టి కొన్న ఒక మాక్ సిరీస్‌లో నాకు నచ్చనిది కూడా ఇదే. పేరు అనవసరం. ప్రశ్న పాసేజీ మీద అడుగుతారు, వివరణలో మాత్రం పాసేజీలో ఎక్కడా లేని సుప్రీంకోర్టు తీర్పు చూపించి జవాబు ఇదీ అంటారు. ఇంకొన్నిచోట్ల రెండు ఆప్షన్లకీ తేడానే ఉండదు. అలాంటివి వారానికి రెండు రాస్తూపోతే పాసేజీ మీద నమ్మకం పోయి ఊహించడం అలవాటవుతుంది. మాక్‌లు అసలు వద్దని అనను. రెండు గంటలు కదలకుండా కూర్చోవడానికి, ఓఎంఆర్ షీట్ మీద బాల్‌పాయింట్ పెన్నుతో గుండ్రాలు దిద్దడానికి అవి కావాలి. గుండ్రాలు దిద్దడానికి పట్టే టైము ఇంట్లో లెక్కలోకి రాదు, హాల్లో తెలుస్తుంది. కానీ మాక్‌లో వచ్చిన మార్కు చూసి ఏడవడం గానీ, ఎగరడం గానీ అనవసరం.

ఆ మాటకొస్తే అసలు పేపర్ కూడా దేవుడు రాసింది కాదు. 2024 డిసెంబరు 1న జరిగిన క్లాట్ 2025 జవాబుల కీ మీద కొందరు అభ్యర్థులు కోర్టుకెళ్లారు. కొన్ని జవాబులు తప్పేనని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది. కాబట్టి పాత పేపర్ దించుకునేటప్పుడు దాంతోపాటు ఉన్నది మొదట ఇచ్చిన ప్రొవిజనల్ కీనో, చివరి కీనో చూసుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లలో చాలాసార్లు మొదటిదే ఉంటుంది. తప్పు కీతో గంటసేపు కొట్టుకుని, నాకు బుర్ర లేదేమో అనుకునే పిల్లల్ని చూశాను.

జీకే, కరెంట్ అఫైర్స్‌కి ఈ పేపర్లకి నేను ఇచ్చేది పాస్ మార్కులే. ఎంత లోతుగా అడుగుతారో తెలుస్తుంది, ఏం అడుగుతారో తెలియదు. పేరుకి పాసేజీ ఉంటుందిగానీ సగానికి పైగా ప్రశ్నలకి జవాబు అందులో ఉండదు, దాని చుట్టూ ఉన్న కథ తెలిసుండాలి. ఎన్నికల బాండ్లనే తీసుకోండి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసిందన్న ఒక్క లైను పీడీఎఫ్‌లో చదివితే సరిపోదు. అసలు ఆ పథకం ఎప్పుడొచ్చింది, బాండ్లు అమ్మింది ఏ బ్యాంకు, ధర్మాసనంలో ఎంతమంది, రాజ్యాంగంలో ఏ అధికరణం కింద కొట్టేశారు, ఇవన్నీ ఒక దండలా తెలియాలి. దీనికి దినపత్రికే దిక్కు. తెలుగు మీడియం పిల్లలకి నేను చెప్పే పద్ధతి ఒకటుంది. ముందు తెలుగు పత్రికలో ఆ వార్త పూర్తిగా చదివి అర్థం చేసుకోండి, ఆ తర్వాత అదే విషయం మీద ఇంగ్లిష్ సంపాదకీయం చదవండి. విషయం ముందే తెలిసుంటే ఇంగ్లిష్ వాక్యం ఎంత పొడుగున్నా భయం వేయదు. క్లాట్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి ఎప్పటికైనా ఆ గట్టు ఎక్కాల్సిందే.

నెలనెలా వచ్చే జీకే పీడీఎఫ్‌లు రివిజన్‌కి తప్ప దేనికీ పనికిరావు.

లాజికల్‌లో పాత పేపర్లు బాగుంటాయిగానీ తొందరగా అయిపోతాయి. తర్వాత ఏం చేయాలని చాలామంది అడుగుతుంటారు. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ విడిగా పెట్టే ఐలెట్‌లో 150 ప్రశ్నలకి 70 లాజికల్‌వే, ఆ పేపర్లు చేయొచ్చు. ఇంకా గట్టివి కావాలంటే అమెరికా లా స్కూళ్ల పరీక్ష ఎల్‌శాట్ ఉంది. వాళ్ల లాహబ్ సైట్‌లో ఉచిత ఖాతాతోనే కొన్ని పూర్తి టెస్టులు ఇస్తారు. అందులో లాజికల్ రీజనింగ్ భాగంలో ఒక చిన్న పేరాకి ఒకటే ప్రశ్న, మనకేమో ఒక పాసేజీకి ఐదారు. తీరు వేరైనా, వాదనలో రంధ్రం ఎక్కడుందో పట్టుకోవడం దానంత బాగా నేర్పేది నాకు ఇంకోటి దొరకలేదు. ఎక్కడైనా పాత ఎల్‌శాట్ పుస్తకం దొరికితే లాజిక్ గేమ్స్ భాగం వదిలేయండి. 2024 ఆగస్టు నుంచి వాళ్లే దాన్ని తీసేశారు.

లెక్కలు 10 నుంచి 14 ప్రశ్నలు. పదో తరగతి శాతాలు, నిష్పత్తులు, సగటులు. ఎంపీసీ వాళ్లు మనకొచ్చులే అని వదిలేస్తారు, సీఈసీ వాళ్లు మనకు రావులే అని వదిలేస్తారు. రోజూ ఒక సెట్ చేస్తే ఇద్దరికీ సరిపోతుంది.

నెగెటివ్ మార్కుల టెన్షన్ గురించి కాస్త చెప్పాలి. తప్పుకి పావు మార్కు పోతుందని పిల్లలు ప్రశ్నలు వదిలేసి వస్తారు. లెక్క వేసి చూడండి. నాలుగు ప్రశ్నలకి కళ్లు మూసుకుని పెట్టినా, సగటున ఒకటి తగిలితే ఒక మార్కు వస్తుంది, మూడు తప్పులకి ముప్పావు పోతుంది. పావు మార్కు మిగిలింది. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే అదే నాలుగింటికి సగటున ఒకటిన్నర మార్కు లాభం. ఇది కాగితం మీద లెక్క, మన చెయ్యి ఎలాంటిదో తెలియాలంటే పాత పేపరే గతి. పేపర్ రాసేటప్పుడు రెండు ఆప్షన్ల మధ్య ఊగి పెట్టిన ప్రతి జవాబు పక్కనా చుక్క పెట్టించి, దిద్దాక చుక్కలున్నవి విడిగా లెక్కపెట్టిస్తాను. మా చెల్లికి లీగల్‌లో చుక్క జవాబులు సగానికి పైగా కరెక్టయ్యాయి, జీకేలో దాదాపు అన్నీ పోయాయి. అప్పటినుంచి జీకేలో ఊగిసలాడితే వదిలేస్తోంది, లీగల్‌లో మాత్రం వదలట్లేదు.

ఇక లోటు విషయం. కొత్త పద్ధతి పేపర్లు వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. రెండోసారి చేస్తే జవాబులు గుర్తొచ్చేస్తాయి. అందుకని రెండోసారి జవాబు అడగను. మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు తప్పో ఒక్కో దానికీ ఒక లైను రాయమంటాను. పాసేజీలో ఏ వాక్యం దాన్ని కొట్టేస్తుందో గీత గీయమంటాను. ఒక లీగల్ పాసేజీకి ఇలా చేయడానికి గంట పడుతుంది, పిల్లలకి విసుగొస్తుంది, మధ్యలో ఫోన్ పట్టుకుంటారు. అయినా మూడు కొత్త మాక్‌ల కంటే ఆ గంటే నయమని నా లెక్క. తాజా రెండేళ్ల పేపర్లు మాత్రం చివరి నెల వరకూ ముట్టుకోకుండా దాచాలి. ఏం అడిగారో స్నేహితుల నోట కూడా వినకూడదు.

రాష్ట్రంలోని మిగతా లా కాలేజీల ఎంట్రన్స్ లాసెట్ రాసేవాళ్లకి మాత్రం ఇదంతా వర్తించదు. అక్కడ 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు, తెలుగులో రాసుకోవచ్చు, లా భాగానికే 60 మార్కులు. రాజ్యాంగం, చట్టాల గురించి నేరుగా అడిగే బిట్లు అవి, తెలిస్తే ఐదు సెకన్లు, తెలియకపోతే అంతే. క్లాట్ పేపర్లు చేస్తూ కూర్చుంటే ఆ 60 మార్కులకి ఏమీ ఒరగదు, లాసెట్ పాత పేపర్లే తెచ్చుకోండి. హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ గానీ, విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ గానీ కావాలనుకుంటే లాసెట్ ర్యాంకు అక్కడ చెల్లదు, క్లాటే రాయాలి. రెండూ రాద్దామనుకునేవాళ్లు క్లాట్ డిసెంబరులో అయిపోయేదాకా లాసెట్ పుస్తకాలు అటక మీద పెట్టేయండి.