లిల్లీ గడ్డలు: కుండీ మేలా, నేల మేలా?

తిరుపతిలో గడ్డలను చంపేది మే నెల ఎండ అనుకుంటారు చాలామంది. ఎండకు ఆకు మాడుతుందే కానీ, మట్టి లోపల గడ్డ బతికే ఉంటుంది. అసలు గండం నవంబరులో ఉంది. మనకు పెద్ద వానలన్నీ ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు లోపు కురుస్తాయి. 2021 నవంబరులో వీధులు ఏరులై పారిన రోజులు ఊళ్లో ఎవరూ మరచిపోలేదు. అంత వాన పడక్కరలేదు. మడిలో నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే చాలు, గడ్డ మెత్తబడి కుళ్లిపోతుంది. కుండీయా, నేలా అన్నది ఈ వానను చూసుకునే తేల్చుకోవాలి.

ముందు పూల అంగళ్లలో లిల్లీ అని అమ్మే నేల సంపెంగ సంగతి. దీనికి నేలే మేలని గట్టిగా చెబుతాను. ఒకసారి పూసిన గడ్డ మళ్లీ పూయదు. చుట్టూ పిల్లగడ్డలు వేస్తుంది, తరువాతి పూలు వాటివి. పూత అయిన దుబ్బును తవ్వి చూస్తే నడుమ పాత గడ్డ ముడుచుకుపోయి ఉంటుంది, దాన్ని ఒరుసుకుంటూ చిన్నాపెద్దా గడ్డలు కిక్కిరిసి కనిపిస్తాయి. పన్నెండంగుళాల కుండీలో మూడు గడ్డలు పెడితే మొదటి ఏడు ముచ్చటగా పూస్తాయి. రెండో ఏటికి పిల్లలకు చోటు చాలక ఆకే తప్ప కాడ రాదు. నేలలో అడుగు ఎడంగా, రెండంగుళాల లోతున నాటితే మూడేళ్లు కదిలించనక్కరలేదు. అయితే మడిని జానెడు ఎత్తు చేయాలి, ఎర్రమట్టిలో ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపాలి. జూన్, జులైలలో నాటితే సుమారు మూడు నెలలకు, అంటే పెద్ద వానలకు ముందే, తొలి కాడలు వస్తాయి.

పూజకూ మాలకూ కావాలంటే ఒంటి రేకల రకమే తీసుకోండి, వాసన దానిదే. ముద్ద రకం గుత్తిలో పెట్టుకోవడానికి బాగుంటుంది, పరిమళం మాత్రం తక్కువ. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన ఒంటి రేకల రకాల్లో శృంగార్ వేళ్లకు బుడిపెలు కట్టించే నులిపురుగులను తట్టుకుంటుంది. మడి అంచున బంతి వేయడం కూడా ఆ పురుగును తగ్గించడానికే.

ఫుట్‌బాల్ లిల్లీకి ఈ లెక్క తిరగబడుతుంది. దానికి కుండీయే సరైన చోటు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ గడ్డ ఏడాదికి ఒక్కసారే, మే నెల ప్రాంతంలో పూస్తుంది. ఆకు ఇంకా సరిగా విచ్చుకోకముందే చుక్కల కాడ మట్టిని చీల్చుకుని లేస్తుంది, దాని కొసన వందకు పైగా సన్నటి ఎర్ర పూలు కలిసి ఒక గుండ్రటి బంతి అవుతాయి. వారం పదిరోజుల ఆ అందం కోసం ఏడాదంతా కాచుకోవచ్చు, నా దృష్టిలో. చిక్కేమిటంటే, ఆకులు పసుపు తిరిగి గడ్డ నిద్రకు పోయే వేళకే మనకు కుండపోత వానలు. నేలలో ఉన్నదాన్ని ఏం చేయగలం? కుండీ అయితే ఎత్తి సన్‌షేడ్ కిందికి జరిపి, నీళ్లు ఆపేయవచ్చు. ఇరుకన్నా దీనికి ఇబ్బంది లేదు. గడ్డ మెడ మట్టి పైకి కనబడేలా నాటి, మధ్యాహ్నపు ఎండ తగలని చోట ఉంచండి. డాబా మీదైతే నల్ల ప్లాస్టిక్ కుండీ కన్నా మట్టి కుండీ నయం, వేళ్లు ఉడికిపోవు.

వాన లిల్లీ ఎక్కడైనా బతుకుతుంది. నాకు మాత్రం నడవ పక్కన బారుగా వేస్తేనే ఇష్టం. ఎండిన నేల మీద వాన పడిన కొద్ది రోజులకే వరసంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. కుండీలో అయితే కొన్నాళ్లు ఎండగట్టి ఒక్కసారిగా నిండా నీళ్లు పోస్తే అదే పని చేస్తుంది.

తులిప్ గడ్డల జోలికి మాత్రం వెళ్లకండి. వాటికి మూడు నెలలకు పైగా గట్టి చలి కావాలి, మన డిసెంబరు అందుకు చాలదు.

ఫుట్‌బాల్ లిల్లీ, వాన లిల్లీ గడ్డలు విషం. చూడటానికి ఉల్లిపాయల్లాగే ఉంటాయి కనుక పిల్లలున్న ఇంట్లో తవ్వి తీసిన గడ్డలను వంటింటి బుట్టల దగ్గర ఆరబెట్టవద్దు. వీధి ఆవులు మెడ చాచే ప్రహరీ వెంట కూడా వీటిని పెట్టకండి.