బయటి రాష్ట్రం వేటగాళ్లకు జింక ట్యాగులు: శాతం కోటానా, ఖాయమైన సంఖ్యా, అడిగినవారందరికీనా? స్థానికుడికి ఏది మేలు?

అమెరికాలో అడవి జింక ఏ ఒక్కరి సొత్తూ కాదు. ప్రజల తరఫున దాని బాధ్యత రాష్ట్రానిది. ఎవరు వేటాడాలి, ఎప్పుడు, ఎంత ఫీజు అన్నవి రాష్ట్రమే తేలుస్తుంది. ఒక్కో జింకను వేటాడటానికి రాష్ట్రం ఇచ్చే అనుమతి చీటీయే ట్యాగు. స్థానికుల కంటే బయటివాళ్ల దగ్గర చాలా ఎక్కువ వసూలు చేయడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1978లో మోంటానా నుంచి వెళ్లిన బాల్డ్‌విన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బయటివాళ్లకు 10 శాతం ట్యాగులే అన్న అరిజోనా పరిమితిని 2002లో నైన్త్ సర్క్యూట్ కోర్టు (ఫెడరల్ అప్పీళ్ల కోర్టు) ప్రశ్నించినా, 2005లో కాంగ్రెస్ చట్టం చేసి ఆ అధికారం రాష్ట్రాలదేనని ఖాయం చేసింది. పరిమితి పెట్టొచ్చా లేదా అన్న వాదన అక్కడితో తీరిపోయింది. ఎలా పెడితే స్థానికుడికి నిజంగా లాభం అన్నదే మిగిలింది.

ఇక్కడ స్థానికుడంటే సొంత పొలం లేనివాడు, గైడుకు వేల డాలర్లు కట్టలేనివాడు, శని ఆదివారాల్లో వెళ్లి ఫ్రీజర్‌లోకి మాంసం తెచ్చుకోవాలనుకునేవాడు. అతని కళ్లతో చూస్తే మొదట అడగాల్సింది ట్యాగుల సంఖ్య గురించి కాదు, భూమి ఎవరిదన్న సంగతి. భూమంతా ప్రైవేటుదైతే బయటివాడి ప్రభావం కౌలు రేటులో కనిపిస్తుంది. పబ్లిక్ భూమి ఎక్కువైతే డ్రాలో (ట్యాగులు పంచే లాటరీలో), కొండ దారిలో ఆగిన బండ్ల సంఖ్యలో కనిపిస్తుంది. ఒకచోట పనిచేసిన మందు రెండోచోట పనిచేయదు.

అడిగినవారందరికీ: టెక్సస్

టెక్సస్‌లో జింక ట్యాగుకు డ్రా లేదు. స్థానికుడికి 25 డాలర్లు, బయటివాడికి 315 డాలర్లు. లైసెన్సుతోపాటే జింక ట్యాగులు వస్తాయి. రాష్ట్రంలో దాదాపు 95 శాతం భూమి ప్రైవేటుది కాబట్టి ట్యాగు దొరకడం సమస్యే కాదు, కాలు పెట్టే చోటు దొరకడమే సమస్య. వేట హక్కును ఎకరానికి ఇంత అని, లేదా తుపాకీకి ఇంత అని లీజుకు ఇస్తారు.

ఇక్కడ బయటివాళ్లకు పరిమితి పెడితే సామాన్యుడికి ఒరిగేదేమీ లేదు. లీజు రేటు పెంచేది ముఖ్యంగా డాలస్, హ్యూస్టన్ నగరాల డబ్బు. వాళ్లూ 25 డాలర్ల లైసెన్సుదారులే. పనికొచ్చేది 48 డాలర్ల వార్షిక పబ్లిక్ హంటింగ్ పర్మిట్. దానితో రాష్ట్రం కౌలుకు తీసుకున్న భూముల్లో, ప్రభుత్వ భూముల్లో వేటాడవచ్చు. వాటి విస్తీర్ణం పెంచమని అడగడమే టెక్సస్‌లో స్థానికుడికి దక్కే అసలు మేలు.

ఈ రాష్ట్రంలో మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట. ఆరు నెలలకు మించి ఎడతెగకుండా టెక్సస్‌లో నివాసముంటే వేట లైసెన్సుకు స్థానికుడి కిందే లెక్క. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు చేతిలో ఉండటం అందుకు ఉన్న మినహాయింపుల్లో ఒకటి. గడువు తీరిన లైసెన్సుతో ఆ మినహాయింపు ఉండదు. ఇంకో వింత ఏమిటంటే, మన అడవుల్లో ముట్టుకుంటే 1972 చట్టం కింద జైలుకు పంపే చుక్కల దుప్పి టెక్సస్‌లో విదేశీ జాతి. 1930లలో తెచ్చి వదిలారు. దానికి ట్యాగు లేదు, సీజన్ లేదు, లైసెన్సు ఉంటే చాలు. బయటి రాష్ట్రం వాడు ఐదు రోజుల 48 డాలర్ల ప్రత్యేక లైసెన్సుతో వెళ్లవచ్చు. లోకల్ జింక జాతి వైట్‌టెయిల్ మీద ఒత్తిడి పెరగకుండా బయటి డబ్బు రాష్ట్రానికి రావడానికి ఇది చక్కని దారి.

ఖాయమైన సంఖ్య: అయోవా, పక్కనే ఇల్లినాయి

రెండు రాష్ట్రాల్లోనూ అదే మొక్కజొన్న, అదే సోయా, అదే పెద్ద కొమ్ముల వైట్‌టెయిల్. భూమి దాదాపు అంతా రైతులదే. తేడా అంతా విధానంలోనే.

అయోవా మగ జింకను వేటాడే ట్యాగులను బయటివాళ్లకు ఏడాదికి 6,000 మాత్రమే ఇస్తుంది. అందులో విల్లు వేటకు 35 శాతానికి మించదు. లైసెన్సు, హ్యాబిటాట్ ఫీజు, ట్యాగు అన్నీ కలిపితే 640 డాలర్లు దాటుతుంది. దక్షిణాన పేరున్న జోన్లకు ఏళ్ల తరబడి పాయింట్లు (డ్రాలో ముందు వరస ఇచ్చేవి) కూడబెట్టాలి. అక్కడ పొలం కొన్న బయటివాడికి కూడా ఏటా మగ జింక ట్యాగు గ్యారంటీ లేదు. సొంత భూమి ఉందనో, అప్పుడప్పుడు వచ్చి ఉంటున్నామనో స్థానిక హోదా అడిగినవారి వాదనను 2013లో డెమాకో కేసులో అయోవా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అసలు నివాసం ఎక్కడో అదే లెక్క అంది.

ఇల్లినాయిలో బయటివాడికి విల్లు పర్మిట్ దొరకడం చాలా తేలిక. లాటరీ తర్వాత మిగిలినవి కౌంటర్‌లో అమ్మిన ఏళ్లు ఉన్నాయి. ఫలితం పైక్ కౌంటీలో చూడవచ్చు. డబ్బు తీసుకుని వేట ఏర్పాట్లు చేసిపెట్టే ఔట్‌ఫిట్టర్లు పెద్ద పెద్ద పొలాలను వేటకు కౌలుకు తీసుకున్నారు. ఒకప్పుడు రైతు ఇంటి తలుపు తట్టి, పంట కోతల్లో ఓ చేయి వేసి, నోటిమాట మీద వేటాడిన పక్క ఊరివాడికి ఆ తలుపు మూసుకుంది. రైతును తప్పుపట్టలేం, భూమి పన్నుకు కౌలు డబ్బు అక్కరకొస్తుంది.

కాబట్టి ప్రైవేటు భూములున్న చోట గట్టి సంఖ్యా పరిమితే మేలు. ఔట్‌ఫిట్టర్ కౌలు కట్టేది ఏటా గ్యారంటీగా ఖాతాదారు వస్తాడన్న నమ్మకం మీద. ఆ నమ్మకం తీసేస్తే కౌలు రేటుకు కళ్లెం పడుతుంది. ఒక్క షరతు: పరిమితి మగ జింక ట్యాగు మీదే ఉండాలి. వైట్‌టెయిల్ మందను అదుపులో ఉంచేది ఆడ జింకల వేట. ఆడ జింక ట్యాగుల మీద కూడా బయటివాళ్లను బిగిస్తే పంట నష్టం పెరిగి రైతులు స్థానికుల మీదే విసుక్కుంటారు.

శాతం కోటా: కొలరాడో, న్యూ మెక్సికో

పడమటి రాష్ట్రాల్లో ఉండే మరో జింక జాతి మ్యూల్ డీర్‌ది వేరే కథ. భూమిలో పెద్ద భాగం ఫెడరల్ ప్రభుత్వానిది, యూనిట్‌కు, అంటే ఒక్కో వేట ప్రాంతానికి, ఇన్ని ట్యాగులని ముందే లెక్కగడతారు. బయటివాడికి వెళ్లిన ప్రతి ట్యాగూ స్థానికుడి ఖాతాలోంచి తగ్గినట్టే.

కొలరాడోలో 1999 నుంచి జింక ట్యాగులన్నీ డ్రాలోనే. చాలా హంట్ కోడ్‌లలో (యూనిట్, సీజన్, ఆయుధం కలిపిన విభాగాల్లో) స్థానికులకు, బయటివాళ్లకు ఉన్న 65–35 పంపకం 2024 నుంచి 75–25 అయింది. వినడానికి పెద్ద మార్పు. లెక్క వేసి చూడండి. ఒక యూనిట్‌లో 100 ట్యాగులు, అడిగే స్థానికులు 400 మంది అనుకుందాం. పాత లెక్కలో 65 మందికి, అంటే 16.25 శాతం మందికి దొరికేది. కొత్త లెక్కలో 75 మందికి, 18.75 శాతానికి. సగటున ఆరేళ్లకోసారి వచ్చే ట్యాగు ఐదేళ్ల నాలుగు నెలలకోసారి వస్తుంది. మేలే, కానీ అంతే. స్థానిక దరఖాస్తులు 400 నుంచి 470కి పెరిగితే ఆ లాభం మొత్తం కరిగిపోతుంది. డెన్వర్ చుట్టూ జనాభా పెరిగిన తీరు చూస్తే ఈ మాట పక్కన పెట్టలేం.

న్యూ మెక్సికో ఇంకా గట్టిగా ఉంది. 84 శాతం స్థానికులకు, 10 శాతం ఔట్‌ఫిట్టర్‌తో వచ్చేవారికి, 6 శాతం సొంతంగా వచ్చే బయటివాళ్లకు. 84 బాగుంది కానీ ఆ 10 శాతం మీద నాకు అనుమానమే. ఔట్‌ఫిట్టర్‌కు ఖాతాదారులను ప్రభుత్వమే కేటాయించినట్టు అవుతుంది. మోంటానాలో అదే పద్ధతి ఉండేది. ఎల్క్ (పెద్ద జింక జాతి), జింక కలిపిన లైసెన్సుల్లో 5,500 ఔట్‌ఫిట్టర్ల ఖాతాదారులకు కేటాయించేవారు. వాటివల్లే కౌలు భూములు పెరిగి తాము బయటపడ్డామని స్థానికులు పోరాడారు, 2010లో ఐ-161 అనే ప్రతిపాదన మీద ప్రజల ఓటింగ్‌లో ఆ కేటాయింపు రద్దయింది.

ఒకే సంఖ్య రాష్ట్రమంతటికీ: మోంటానా ఇబ్బంది

అదే ఓటింగ్‌తో మోంటానా బయటివాళ్ల ఎల్క్–జింక (బిగ్ గేమ్) కాంబినేషన్ లైసెన్సు 628 డాలర్ల నుంచి 897కి, జింక కాంబినేషన్ 328 నుంచి 527కి పెరిగింది. వెంటనే కొన్ని లైసెన్సులు అమ్ముడు కాకుండా మిగిలాయి, తర్వాత మళ్లీ గిరాకీ వచ్చింది. రాష్ట్రం మొత్తానికి పరిమితి 17,000 బిగ్ గేమ్ కాంబినేషన్లు, 4,600 జింక కాంబినేషన్లు.

చిక్కు రెండు చోట్ల ఉంది. ఒకటి, ఆ లైసెన్సుతో జనరల్ సీజన్‌లో చాలా జిల్లాల్లో ఎక్కడికైనా వెళ్లవచ్చు. మ్యూల్ డీర్ కోసం అందరూ తూర్పు వైపు పబ్లిక్ భూములకే పోతారు. కాగితం మీద అంకె మారకపోయినా అక్కడి స్థానికుడికి రద్దీ రెట్టింపయినట్టే ఉంటుంది. రెండు, మినహాయింపులు. బయట స్థిరపడ్డ మోంటానావాళ్లకు, వాళ్ల బంధువులకు, కాలేజీ విద్యార్థులకు వేరే లైసెన్సులు ఉన్నాయి. 17,000 అన్నది పైకప్పు అనుకుంటే పక్కన కిటికీలు తెరిచే ఉన్నాయి.

ఐడహో 2021 నుంచి బయటివాళ్ల పరిమితిని యూనిట్ స్థాయికి దింపింది. అంతకు ముందు బయటివాళ్ల ట్యాగులు మిగిలిపోతే ఆగస్టులో స్థానికులే రెండో ట్యాగుగా బయటి ధరకు కొనుక్కునేవారు. గిరాకీ పెరిగాక అది పోయింది. డిసెంబర్ 1న ఆన్‌లైన్ అమ్మకం తత్కాల్ టికెట్ల వేటలా తయారై, 2026 సీజన్‌కు డ్రా పెట్టారు. రద్దీ తగ్గించడానికి నా ఓటు ఈ యూనిట్‌వారీ పద్ధతికే. రాష్ట్రవ్యాప్త సంఖ్య వార్తకు బాగుంటుంది, కొండ మీద పనిచేసేది యూనిట్ సంఖ్య.

వయోమింగ్‌లో బయటివాళ్ల జనరల్ జింక లైసెన్సు ప్రాంతాలవారీ డ్రాలో వస్తుంది, స్థానికుడు కౌంటర్‌లో కొనుక్కుని వెళ్తాడు. స్థానికుడికి ఇంతకంటే వీలైన ఏర్పాటు అరుదు. అయినా ఒక నిబంధన ఎదురు తిరుగుతోంది. ఫెడరల్ వైల్డర్‌నెస్‌లో (రోడ్లు లేని రక్షిత అడవుల్లో) బయటివాడు గైడు గానీ, ఉచిత గైడు లైసెన్సు తీసుకున్న స్థానిక మిత్రుడు గానీ లేకుండా పెద్ద జంతువుల వేట చేయకూడదు. సొంతంగా వచ్చినవాళ్లంతా రోడ్డుకు దగ్గరి మామూలు పబ్లిక్ భూమి మీదే పడతారు. గుర్రాలు లేని స్థానికుడు వేటాడేదీ అక్కడే.

డబ్బు సంగతి

వయోమింగ్‌లో జింకకు స్థానికుడు 42 డాలర్లు, బయటివాడు 374 డాలర్లు కడతారు. అంటే ఒక బయటి లైసెన్సు దాదాపు తొమ్మిది స్థానిక లైసెన్సులకు సమానం. వెయ్యి బయటి లైసెన్సులు తగ్గిస్తే 3,74,000 డాలర్ల లోటు. దాన్ని 50,000 మంది స్థానికులు పూడ్చాలనుకుంటే తలకు ఏడున్నర డాలర్లు. మోయలేని భారం కాదు. కానీ స్థానిక ఫీజు పెంచాలంటే శాసనసభ ఓటు కావాలి, ఆ ఓటు పడటం కష్టం. మధ్యలో కోత పడేది వార్డెన్లకు, జింకల లెక్కింపుకు, భూమి ప్రవేశ పథకాలకు. మోంటానా బ్లాక్ మేనేజ్‌మెంట్‌లో రైతులకు చెల్లించి లక్షల ఎకరాలు ఉచిత వేటకు తెరిపించేది ప్రధానంగా బయటివాళ్ల ఫీజే.

వాళ్లు చేసిన మేలు ఫీజుతోనే ఆగలేదు. పబ్లిక్, ప్రైవేటు భూములు చదరంగం గళ్లలా కలిసిన చోట ఒక పబ్లిక్ గడి మూల మీదుగా మరోదానికి, ప్రైవేటు నేల తాకకుండా దాటొచ్చని 2025లో టెన్త్ సర్క్యూట్ కోర్టు తీర్పు తెచ్చుకున్నది వయోమింగ్‌కు వచ్చిన మిస్సోరీ వేటగాళ్లు. ఆ లాభం స్థానికులందరికీ దక్కింది. మోంటానా, ఐడహో ఆ కోర్టు పరిధిలో లేవు.

ప్రతిపాదన చేతికొస్తే చూడాల్సినవి

మీ రాష్ట్ర కమిషన్ కొత్త పరిమితి ప్రకటించినప్పుడు ముందు డ్రా రిపోర్టు తీసి మీ యూనిట్‌లో స్థానిక దరఖాస్తులెన్నో, బయటివెన్నో విడిగా చూడండి. స్థానికుల సంఖ్యే పదింతలుంటే బయటి కోటా తగ్గింపు రద్దీకి మందు కాదు. తర్వాత నిబంధనలో పదాలు: స్థానికులకు "కనీసం" ఇంత అంటే అది గట్టి హామీ. "మొదటి ఎంపికలో" ఇంత అని ఉంటే మిగిలినవి బయటికి వెళ్తాయి. ఆపై ఆయుధం. రైఫిల్ సీజన్‌కే పరిమితి పెట్టి విల్లు సీజన్‌ను వదిలేస్తే జనం మొత్తం సెప్టెంబర్‌కు మారతారు, రైఫిల్ సీజన్ మొదలయ్యేసరికి జింకలు బెదిరి ప్రైవేటు పొలాల్లోకి చేరి ఉంటాయి. చివరగా, పోయే ఫీజు ఎక్కడి నుంచి పూడుస్తారో రాతపూర్వకంగా ఉందా అని అడగండి. లేకపోతే ముందు కోత పడేది మీరు వేటాడే ఆ ఉచిత ప్రవేశ పొలానికే.