గాల్‌బ్లాడర్ రాళ్లకు కరిగించే మాత్ర: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి డబ్బు దండగ

అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్. మందుల షాపులో ఉడిలివ్ లాంటి పేర్లతో 150, 300 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది. స్కాన్‌లో రాళ్లున్నాయని తేలగానే ఆపరేషన్‌కు భయపడి చాలామంది దీని మీదే ఆశ పెట్టుకుంటారు. మందు మంచిదే, కానీ అది పనిచేసే రాళ్లు తక్కువ.

కాలేయంలో తయారై గాల్‌బ్లాడర్ అనే తిత్తిలో నిలవుండే జీర్ణరసం పైత్యరసం. అందులో పట్టగలిగినదానికన్నా కొలెస్ట్రాల్ ఎక్కువైతే పలుకులు కట్టి రాయవుతుంది. ఈ మాత్ర వేసుకుంటే కాలేయం పైత్యరసంలోకి వదిలే కొలెస్ట్రాల్ తగ్గుతుంది. పలచబడ్డ ఆ రసం రాయి పైపొరను కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. అందుకే 5 మిల్లీమీటర్ల లోపు చిన్న రాళ్లు బాగా లొంగుతాయి, 15 దాటిన ఒంటి రాయి దాదాపు లొంగదు. తిత్తి నోరు మూసుకుపోయి ఉంటే మందు కలిసిన రసం లోపలికే పోదు. మామూలు ఎక్స్‌రేలో రాయి తెల్లగా కనిపిస్తే అందులో సున్నం ఉన్నట్టే, దానికీ ఈ మాత్ర పనిచేయదు. రక్తకణాలు చితికిపోయే జబ్బుల్లో, ఉదాహరణకు మన ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్‌లో, ఏర్పడేవి బిలిరుబిన్ (చితికిన రక్తకణాల నుంచి వచ్చే పసుపు పదార్థం) రాళ్లు. అవీ కరగవు. చిక్కేమిటంటే అల్ట్రాసౌండ్ రాయి సైజు చెబుతుంది గానీ రకం చెప్పదు. రకం తేల్చుకోకుండా ఏడాదిపాటు మాత్రలు మింగించడం అన్యాయం.

మోతాదు కిలో బరువుకు రోజుకు 8 నుంచి 10 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 300 మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిండితో పాటు. అల్యూమినియం ఉన్న యాంటాసిడ్ పక్కనే వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు, కనీసం 2 గంటల ఎడం ఉండాలి. కొందరికి విరేచనాలు పలచనవుతాయి. ప్రతి 6 నెలలకూ స్కాన్ చేయించాలి. 12 నెలలకూ రాయి కాస్తయినా చిన్నదవకపోతే ఇక కరుగుతుందన్న ఆశ వదులుకోవచ్చు. పూర్తిగా కరిగినా తిత్తి అక్కడే ఉంటుంది కాబట్టి 5 ఏళ్లలో సుమారు సగం మందికి మళ్లీ రాళ్లు పడతాయి.

నొప్పి, ఇబ్బంది ఏమీ లేని రాళ్లకు సాధారణంగా ఆపరేషనూ అక్కర్లేదు, ఈ మాత్రా అక్కర్లేదు.

ఇది నొప్పి మందు కాదని మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. కుడి డొక్క కింద నొప్పి గంటల తరబడి తగ్గక జ్వరం వస్తే తిత్తి వాచినట్టు అనుమానించాలి. కళ్లు పచ్చబడి మూత్రం ముదురు రంగైతే రాయి పైత్యనాళంలో అడ్డుపడి ఉండొచ్చు. నొప్పి వీపులోకి పాకి వాంతులు ఆగకపోతే క్లోమం వాచి ఉండొచ్చు. ఇలాంటప్పుడు మాత్ర పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ మందు నిజంగా రాణించే చోటు ఇంకొకటుంది: బరువు తగ్గించే బేరియాట్రిక్ ఆపరేషన్ తర్వాత. బరువు వేగంగా తగ్గే ఆ నెలల్లో రాళ్లు పడకుండా, సాధారణంగా 6 నెలలపాటు, 300 మాత్ర రోజుకు రెండుసార్లు ఇస్తారు.