గింప్‌లో వృత్తాలూ చతురస్రాలూ గీయడం: ఏళ్ల తరబడి వాడాక

ఫొటోలు, బొమ్మలు సర్దుకునే ఉచిత ప్రోగ్రాం గింప్ తెరిచి టూల్‌బాక్స్ అంతా గాలించినా వృత్తం గీసే టూల్ కనబడదు. మైక్రోసాఫ్ట్ పెయింట్‌లో చిన్నపిల్లలు ఒక్కసారి మౌస్ లాగి గీసేసే గుండ్రానికి ఇక్కడ బటనే లేదంటే కొత్తవాళ్లకు చిరాకు రావడం న్యాయమే. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. వర్క్‌షీట్లు, ప్రశ్నపత్రాల్లోకి బొమ్మలు, ల్యాబ్ పరికరాల ఫొటోల మీద గుర్తులు, అన్నీ గింప్ 2.8 రోజుల నుంచి దీంతోనే చేసుకుంటున్నాను. 2018లో 2.10 వచ్చింది, 2025 మార్చిలో 3.0 వచ్చింది. రెండింటికీ మారాను, గీతలు గీసే పద్ధతి మాత్రం అదే. ఇన్నేళ్లు వాడాక నాకు తేలిందేమిటంటే, ఆ బటన్ లేనందుకు పోయినదానికంటే, దాని బదులు గింప్ పెట్టిన పద్ధతి వల్ల దక్కిందే ఎక్కువ. కాకపోతే ఆ పద్ధతి పక్కన కూర్చుని ఎవరైనా చూపిస్తే తప్ప తట్టదు.

పద్ధతి రెండు మెట్లు. ముందు ఎలిప్స్ సెలెక్ట్ టూల్‌తోనో రెక్టాంగిల్ సెలెక్ట్ టూల్‌తోనో కావలసిన ఆకారాన్ని సెలెక్షన్‌గా, అంటే ఎంచుకున్న భాగంగా గుర్తించాలి. తర్వాత ఎడిట్ మెనూలో స్ట్రోక్ సెలెక్షన్ నొక్కి, గీత మందం ఇచ్చి, స్ట్రోక్ అనాలి. ఫోర్‌గ్రౌండ్‌లో ఏ రంగు ఉంటే ఆ రంగు గీత పడుతుంది. వడ్రంగి ముందు దారంతో గీత కొట్టుకుని, సరిచూసుకుని, అప్పుడు రంపం పెట్టినట్టు. గీత పడేలోపు ఆకారాన్ని ఎంతసేపైనా సర్దుకోవచ్చు. మూలలు పట్టుకుని లాగొచ్చు, బాణం మీటలతో ఒక్కో పిక్సెల్ జరపొచ్చు, టూల్ ఆప్షన్స్‌లో పొడవు, వెడల్పు, స్థానం అంకెలతో కొట్టొచ్చు. ఒకే కొలతలో నాలుగు వృత్తాలు కావాలంటే, ఒకే కేంద్రం చుట్టూ మూడు వలయాలు కావాలంటే ఈ అంకెల గడులే దిక్కు. పరమాణు నమూనా బొమ్మలో కక్ష్యలు గీసేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

షిఫ్ట్, కంట్రోల్ మీటల సంగతి చెప్పకపోతే ఈ టూల్ గురించి ఏమీ చెప్పనట్టే. మౌస్ లాగడం మొదలుపెట్టాక షిఫ్ట్ పట్టుకుంటే అండాకారం కచ్చితమైన వృత్తం అవుతుంది, దీర్ఘచతురస్రం చతురస్రం అవుతుంది. లాగడానికి ముందే షిఫ్ట్ పట్టుకుంటే అర్థం వేరు: పాత సెలెక్షన్‌కు కొత్తది కలుస్తుంది. కంట్రోల్ కూడా అంతే. ముందు పట్టుకుంటే కొత్త ఆకారం పాతదాన్నుంచి తీసివేత అవుతుంది, లాగుతుండగా పట్టుకుంటే మొదట నొక్కిన చోటు కేంద్రమై ఆకారం నాలుగు వైపులా పెరుగుతుంది. మీట ఎప్పుడు నొక్కామన్నదే తేడా. ఇది చేతికి అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది, అయ్యాక మాత్రం ఇంకే టూల్ మీదికీ మనసు పోదు. ఎందుకంటే కలపడం, తీసివేయడం అన్న ఈ రెండింటితోనే అర్ధవృత్తం, వలయం, నెలవంక, తాళంచెవి రంధ్రం లాంటి ఆకారాలన్నీ పుడతాయి. కుంభాకార కటకం బొమ్మ నేను గీసేది ఇలాగే. రెండు వృత్తాలు ఒకదానిమీద ఒకటి పడేలా పెట్టి, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగాన్నే మిగుల్చుకుంటాను. దానికి షిఫ్ట్, కంట్రోల్ రెండూ కలిపి పట్టుకుని రెండో వృత్తం లాగాలి. వచ్చిన సెలెక్షన్‌కు స్ట్రోక్ కొడితే పాఠ్యపుస్తకంలో ఉన్నంత శుభ్రమైన కటకం వస్తుంది. సిద్ధంగా ఉన్న వృత్తం బటన్ ఒక్కదానితో ఈ పని జరగదు.

ఇప్పుడు గీత గురించి. స్ట్రోక్ గీత సెలెక్షన్ అంచుకు సరిగ్గా మధ్యలో పడుతుంది, సగం లోపలికి, సగం బయటికి. 6 పిక్సెళ్ల గీత ఇస్తే 3 లోపల, 3 బయట. చూడ్డానికి చిన్న విషయమే గానీ దీనివల్ల వచ్చే చిక్కులు మూడున్నాయి. బొమ్మ అంచు దాకా సెలెక్షన్ చేసి ఫ్రేమ్ గీయబోతే బయటి సగం కత్తిరించుకుపోయి, గీత అనుకున్నదానిలో సగమే కనబడుతుంది. 1 పిక్సెల్ గీత ఇచ్చి యాంటీఏలియాసింగ్ (అంచులను నున్నగా చూపే సదుపాయం) కూడా ఉంచితే, నిటారు గీత రెండు పిక్సెళ్ల మీద సగం సగం పరుచుకుని నల్లగా కాకుండా బూడిద రంగులో మసకబారుతుంది. మూడోది, స్క్రీన్‌షాట్‌లో ఒక బటన్ చుట్టూ ఎర్రగడి గీస్తే లోపలి సగం ఆ బటన్ మీది అక్షరాలను తింటుంది.

మొదటి రెండింటికీ మందు తేలిక. నిటారు, అడ్డం గీతలున్న ఆకారాలకు సరిసంఖ్య మందాలే ఇవ్వండి: 2, 4, 6. అంచు ఫ్రేమ్‌కైతే కావలసినదానికి రెట్టింపు ఇవ్వండి. మూడోదానికి నాకు బాగా నచ్చిన ఉపాయం ఉంది. ముందు కొత్త పారదర్శక లేయర్ (బొమ్మ మీద పరిచే గాజు పలక లాంటి పొర) తీసుకుని అక్కడ స్ట్రోక్ కొట్టండి. సెలెక్షన్ ఇంకా అలాగే ఉంటుంది కాబట్టి వెంటనే డిలీట్ నొక్కండి. లోపలి సగం చెరిగిపోయి, గీత పూర్తిగా బయటే మిగులుతుంది. గీత లోపలే ఉండాలంటే కంట్రోల్, ఐ నొక్కి సెలెక్షన్ తిరగేసి డిలీట్ కొట్టండి. వేరే లేయర్ మీద గీయడం ఇక్కడ తప్పనిసరి, లేకపోతే కింది ఫొటో కూడా చెరుగుతుంది.

మందాన్ని పిక్సెళ్లలోనే కాకుండా మిల్లీమీటర్లలో కూడా ఇవ్వొచ్చు. జిరాక్స్ తీసి పిల్లలకు పంచే కాగితాలు తయారుచేసేవాళ్లకు ఇది పెద్ద వరం. ఎ4 కాగితం 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల లెక్కన) 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల ఎత్తు. ఆ లెక్కన అర మిల్లీమీటరు గీత దాదాపు 6 పిక్సెళ్లు. ముఖ్యమైన ఆకారాలకు నేను వాడేది అదే. కొలత గీతలకూ బాణాలకూ పావు మిల్లీమీటరు. అంతకంటే సన్నవి తెర మీద ముచ్చటగా ఉంటాయి, జిరాక్స్‌కు జిరాక్స్ తీసేసరికి ముక్కలుముక్కలుగా తెగిపోతాయి. వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడికి గీత కనబడకపోతే ఆ బొమ్మ గీసి ప్రయోజనం లేదు. గీత రంగు కూడా అచ్చమైన నలుపే వాడండి. ముదురు నీలం, ముదురు ఎరుపు కాపీలో ఒకేలా బూడిదగా దిగుతాయి.

అదే స్ట్రోక్ పెట్టెలో లైన్ స్టైల్ అని మడిచి ఉంచిన భాగం ఒకటుంది. చాలామంది దాన్ని విప్పి చూడరు. నా పనికి ప్రాణం అక్కడే ఉంది. గీత చివరలు మొద్దుగా ఉండాలా గుండ్రంగా ఉండాలా, మూలలు వాడిగా ఉండాలా నున్నగా ఉండాలా, గీత తెగకుండా ఉండాలా చుక్కలుగా ఉండాలా, అన్నీ అక్కడే. కిరణ చిత్రాల్లో నిజ కిరణాలకు నిండు గీత, వెనక్కి పొడిగించిన కిరణాలకూ మిథ్యా ప్రతిబింబానికీ చుక్కల గీత కదా. డ్యాష్ ప్రీసెట్‌లో పొడవు గీతలు, పొట్టి గీతలు, చుక్కలు, గీతా చుక్కా కలిసినవి సిద్ధంగా ఉంటాయి. ఈ చుక్కల పొడవు గీత మందాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి ఒక బొమ్మలోని చుక్కల గీతలన్నింటికీ ఒకే మందం ఇస్తేనే ఒక తీరుగా ఉంటాయి.

కిరణాల లాంటి సరళరేఖలకు సెలెక్షన్ పనికిరాదు. పెన్సిల్ టూల్‌తో ఒకచోట నొక్కి, షిఫ్ట్ పట్టుకుని ఇంకోచోట నొక్కితే రెంటి మధ్యా తిన్నని గీత పడుతుంది. కంట్రోల్ కూడా కలిపితే 15 డిగ్రీల మెట్లలోనే తిరుగుతుంది. త్వరగా అయిపోవాలంటే అది చాలు. పద్ధతిగా కావాలంటే పాత్స్ టూల్. పాత్ అంటే బిందువులను కలుపుతూ పోయే, తర్వాత కూడా సర్దుకోగల గీత. ఇక్కడ నొక్కి, అక్కడ నొక్కి, మళ్లీ షిఫ్ట్‌తో కొత్తచోట నొక్కితే అదే పాత్‌లో వేరే గీత మొదలవుతుంది. అలా అన్ని కిరణాలనూ ఒకే పాత్‌లో పెట్టుకుని ఒక్కసారి స్ట్రోక్ కొట్టొచ్చు. పైగా ఆ పాత్ గింప్ సొంత ఫైలైన ఎక్స్‌సీఎఫ్‌లో భద్రంగా ఉండిపోతుంది. వచ్చే ఏడాది వస్తువును నాభి దగ్గరికి జరపాలనుకుంటే, పాత్ మీది బిందువులు రెండు లాగి, పాత లేయర్ తుడిచి, మళ్లీ స్ట్రోక్ కొడితే సరి. సెలెక్షన్‌ను కూడా సెలెక్ట్ మెనూలోంచి పాత్‌గా మార్చి దాచుకోవచ్చు. దాచుకోండి.

ఎందుకంటే గింప్ వృత్తాల్లో అసలైన లోటు ఇదే: ఒకసారి గీత పడ్డాక అది వృత్తం కాదు, ఉత్త పిక్సెళ్లు. సైజు పెంచితే గీత కూడా లావెక్కి అంచులు మసకబారతాయి. మందం తగ్గించాలన్నా మళ్లీ గీయాల్సిందే. 2025లో వచ్చిన అభివృద్ధి వెర్షన్లలో వెక్టర్ లేయర్లు చేర్చారు. పాత్‌కు అంటిపెట్టుకున్న లేయర్ అన్నమాట. గీత, నింపిన రంగు తర్వాత కూడా మార్చుకోవచ్చు. సంవత్సరాలుగా ఎదురుచూసిన సంగతి ఇది. మీ వెర్షన్‌లో అవి లేకపోతే ఒక్కో ఆకారానికి ఒక్కో లేయర్, దానికో పేరు, పక్కన దాచిన పాత్, ఈ మూడూ పాటిస్తే ఇబ్బంది చాలా తగ్గుతుంది.

సెలెక్ట్ మెనూలోని బోర్డర్ జోలికి మాత్రం వెళ్లకండి. సెలెక్షన్‌ను పట్టీగా మార్చి రంగు నింపుకునే దారి అది. చతురస్రానికి వాడితే బయటి మూలలు గుండ్రమవుతాయి. మూలలు వాడిగా ఉండాలంటే నింపి, సెలెక్షన్‌ను ష్రింక్‌తో కుదించి, లోపలిది చెరిపేయడం మేలు. ఫిల్టర్స్‌లో రెండర్ కింద జీఫిగ్ అని పాత పరికరం ఒకటుంది. క్రమ బహుభుజులు, నక్షత్రాలు, సర్పిలాలు అందులో నేరుగా గీయొచ్చు. దాని కిటికీ ఇరుకు, వాడకం మొరటు, కానీ షడ్భుజి కావలసినప్పుడు, బెంజీన్ వలయం గీయాల్సినప్పుడు నేను ఇప్పటికీ అక్కడికే వెళతాను.

తెలుగు అక్షరాల అంచుకు గీత వేయడం గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లిష్ పాఠాల్లో చెప్పే దారి మనకు పూర్తిగా కుదరదు. గింప్ యూనికోడ్ తెలుగును వత్తులతో, గుణింతాలతో సరిగ్గా చూపిస్తుంది. రామభద్ర, మండలి, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లతో శీర్షికలు చక్కగా వస్తాయి. అంచు గీతకు అందరూ చెప్పేది అక్షరాలను పాత్‌గా మార్చి స్ట్రోక్ కొట్టమని. అలా చేస్తే మన అక్షరాల్లో తలకట్టు, గుడి, వత్తు విడి ముక్కలుగా ఉండి ఒకదానిమీద ఒకటి ఎక్కినచోట లోపలి గీతలు కూడా బయటపడతాయి. అక్షరం కోసి అతికించినట్టుంటుంది. దానికి బదులు టెక్స్ట్ లేయర్ మీద ఆల్ఫా టు సెలెక్షన్ ఇవ్వండి. అక్షరం మొత్తం ఒకే ఆకారంగా సెలెక్ట్ అవుతుంది, లోపలి అతుకులు పోతాయి. ఆ సెలెక్షన్‌ను గ్రోతో నాలుగైదు పిక్సెళ్లు పెంచి, టెక్స్ట్ కింద కొత్త లేయర్‌లో రంగు నింపండి. ఫొటో మీద పెట్టిన శీర్షిక ఎంత గజిబిజి నేపథ్యంలోనైనా స్పష్టంగా చదవొచ్చు. 3.0లో టెక్స్ట్ టూల్‌కే అవుట్‌లైన్ ఇచ్చారు, అక్షరాలు మార్చుకునే వీలు పోకుండా అంచు వేస్తుంది. మంచి చేర్పు అది. అయినా పోస్టర్ పనికి నేను ఇంకా పాత దారిలోనే వెళ్తున్నాను.

ఇన్ని చెప్పాక ఇంకోమాట కూడా నిజాయితీగా చెప్పాలి. బొమ్మ మొత్తం గీతలతోనే అయితే, అంటే విద్యుత్ వలయాలు, రేఖాగణితం, ఫ్లోచార్ట్ లాంటివైతే గింప్ వద్దు. గీతల బొమ్మల కోసమే ఉన్న ఇంక్‌స్కేప్ వాడండి. అదీ ఉచితమే, అక్కడ వృత్తం ఎప్పటికీ వృత్తంగానే ఉంటుంది. దాని ఎస్‌వీజీ (గీతలను గీతలుగానే దాచే రకం) ఫైల్‌ను గింప్‌లో తెరిస్తే ఏ సైజులో కావాలో అడిగి మరీ తెచ్చుకుంటుంది. చేతితో బొమ్మలు వేసే అలవాటున్నవాళ్లకు క్రిటా అనే చిత్రలేఖన ప్రోగ్రాంలో వృత్తం, చతురస్రం టూల్స్ నేరుగా ఉన్నాయి. ఫొటో మీదో, స్కాన్ చేసిన పేజీ మీదో, స్క్రీన్‌షాట్ మీదో గడులు, వలయాలు, బాణాలు కచ్చితంగా పడాల్సిన పనికి మాత్రం నేను గింప్‌నే తెరుస్తాను. వర్నియర్ స్కేలు ఫొటోలో ఏకీభవించిన గీత చుట్టూ సన్నని వలయం పెట్టాలంటే, ఆ గీత మీద ఒక్క పిక్సెల్ కూడా పడకుండా బయటే పెట్టే వీలు నాకు ఇక్కడే దొరికింది.

గింప్ తయారుచేసేవాళ్లను నేను కోరేది ఒక్కటే: స్ట్రోక్ పెట్టెలో గీత లోపలా, మధ్యలోనా, బయటా అని ఎంచుకునే వీలు ఇవ్వండి. పైన చెప్పిన డిలీట్ ఉపాయం పిల్లలకు నేర్పేటప్పుడు సగంమంది కింది లేయర్‌ను చెరిపేసుకుంటున్నారు.