మాట పడిపోయాక ఏది మేలు: వారానికోసారి థెరపీయా, మూడు వారాలు గట్టిగానా, ఫోనులో సాధనా?

నాన్నకి పక్షవాతం వచ్చి తొమ్మిది నెలలైంది. కాలు తొందరగానే తేరుకుంది, కర్ర లేకుండా వీధి చివరిదాకా వెళ్లొస్తున్నారు. మాటే రావడం లేదు. "ఇవాళ ఏ వారం నాన్నా?" అంటే చెప్పలేరు. నేను "ఆది, సోమ…" అని ఎత్తుకుంటే మాత్రం తనే అందుకుంటారు. గురువారం దగ్గర ఆగి, వేలెత్తి, "అదీ!" అంటారు. ఏ వారమో ఆయనకి తెలుసు, ఆ ఒక్క మాటా విడిగా పైకి రాదు, అంతే. దీన్ని అఫేజియా అంటారు. చూడటానికొచ్చిన చుట్టాలు మాత్రం వినపడని మనిషితో మాట్లాడినట్టు చెవి దగ్గర అరిచి వెళ్తుంటారు.

డిశ్చార్జి కాగితాల్లో ఫిజియోథెరపీకి అర పేజీ రాశారు, స్పీచ్ థెరపీ గురించి ఒక్క ముక్క లేదు. మేమే వాకబు చేసుకుని మూడో నెలలో మొదలుపెట్టాం. చేజేతులా ఆలస్యం చేశామేమోనన్న టెన్షన్‌తోనే ఈ పరిశోధనలు చదవడం మొదలుపెట్టాను.

ఆ టెన్షన్ కొంత తగ్గింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 246 మందికి స్ట్రోక్ వచ్చిన రెండు వారాలకే థెరపీ మొదలుపెట్టారు. కొందరికి మామూలు మోతాదులో, మిగతావాళ్లకి బాగా ఎక్కువ మోతాదులో ఇచ్చారు. పన్నెండు వారాలకి చూస్తే పెద్ద తేడా కనపడలేదు. అలాగని తొలి రోజుల్లో ఏమీ చేయకపోయినా పర్వాలేదని కాదు, అందులో అందరికీ ఎంతో కొంత థెరపీ అందింది. కానీ మంచం మీద ఓపిక లేకుండా పడుకున్న మనిషిని మొదటి వారాల్లోనే గంటలకొద్దీ కూర్చోబెడితే అదనంగా ఒరిగేదేం లేదని తేలింది.

ఇక అసలు పోటీ. మేం వారానికోసారి ముప్పావుగంట వెళ్తున్నాం. చాలా ఇళ్లలో జరిగేదీ ఇదే. చాలా ట్రయల్స్ వివరాలు కలిపి 2022లో వేసిన లెక్క ప్రకారం, మొత్తం మీద 20 నుంచి 50 గంటల థెరపీ, అదీ వారంలో ఎక్కువ రోజులు అందినవాళ్లలో మెరుగుదల ఎక్కువగా కనిపించింది. మా లెక్కన ఇరవై గంటలు నిండాలంటే ఆరు నెలలు దాటుతుంది. పైగా ఒక గురువారం నేర్చుకున్నది మరుసటి గురువారానికి సగం చెరిగిపోతోంది.

దీనికి ఎదురు జర్మనీ పద్ధతి. అక్కడ 19 కేంద్రాల్లో 156 మంది మీద చేసిన ట్రయల్ 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందరూ స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటినవాళ్లు, డెబ్భై ఏళ్ల లోపువాళ్లు. మూడు వారాల పాటు, వారానికి కనీసం పది గంటలు. పరీక్ష కూడా బొమ్మల పేర్లతో కాదు, డాక్టరు అపాయింట్‌మెంట్ మార్చుకోవాలంటే ఫోనులో ఏం చెప్తారు లాంటి సందర్భాలతో. థెరపీ తీసుకున్నవాళ్లు మెరుగయ్యారు, తమ వంతు కోసం ఆ మూడు వారాలూ ఆగినవాళ్లు ఎక్కడున్నారో అక్కడే ఉన్నారు. ఆరు నెలల తర్వాత కూడా ఆ మెరుగుదల నిలిచింది. అద్భుతాలేం జరగలేదు: 50 మార్కుల కొలతలో సగటు తేడా 2.6. ఆస్ట్రేలియాలో రెండు వారాల్లో ముప్పై గంటలు కుక్కి చూసిన ఇంకో ట్రయల్‌లో అఫేజియా తీవ్రత స్కోరు పెద్దగా కదల్లేదు గానీ, మాట దొరకడం, రోజువారీ సంభాషణ మెరుగయ్యాయి. నాకు కావలసింది స్కోరు కాదు కాబట్టి ఈ రెండూ ఒకవైపే చూపిస్తున్నాయని నా లెక్క.

మరి ఫోనో? బ్రిటన్‌లో 278 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. ఎవరికి కావలసిన వంద మాటలు వాళ్లే ఎంచుకుని, ఇంట్లోనే కంప్యూటర్ ముందు ఆరు నెలలు సాధన చేశారు. ఆ మాటలు బాగా వచ్చాయి, మామూలు వైద్యం వాళ్లకంటే 16 శాతం మేర ఎక్కువ. సంభాషణ మాత్రం మెరుగవలేదు.

ఇది చదివి నేనేం ఆశ్చర్యపోలేదు, మా వాకిట్లో చూసిందే. నేను వెతికిన యాప్‌లన్నీ ఇంగ్లిష్‌వే కావడంతో ఇంట్లో వస్తువులకే ఫోటోలు తీసి పెట్టుకున్నాం. గొడుగు ఫోటో చూపించి "గొ…" అని అందిస్తే "గొడుగు" అనేవారు. నెల తిరిగేసరికి అందించకుండానే అన్నారు, ఇంట్లో పండగ! ఆ వారమే జోరువాన. గుమ్మంలో నిలబడి మూలనున్న గొడుగు వైపు చెయ్యి చూపిస్తూ "అది… అది…" అన్నారు. ఫోనులో మాట ఫోనులోనే ఉండిపోయింది.

పాటల సంగతి కూడా అడుగుతుంటారు. రాగం కట్టి మాట్లాడించే పద్ధతి 1973 నుంచీ ఉంది. శ్లోకం గడగడా చదివే నాన్న మంచినీళ్లు అడగలేరు. అంటే కంఠతా వచ్చింది వేరు, అప్పటికప్పుడు కూర్చుకునే మాట వేరు. ఉత్సాహానికి పాడుకోవచ్చు, నేనైతే దాన్ని నమ్ముకుని కూర్చోను. ఏ భాషలో చేయించాలన్నది మాకైతే తేలికే, ఇంట్లో ఆయన భాష తెలుగు. రెండు భాషలు వస్తే మాట పోదనుకోవడం మాత్రం పొరపాటు. హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది స్ట్రోక్ రోగులను పరిశీలిస్తే, రెండు మూడు భాషలు వచ్చినవాళ్లకి ఆలోచన, జ్ఞాపకం ఎక్కువగా నిలిచాయి గానీ అఫేజియా వచ్చేవాళ్ల సంఖ్యలో తేడా లేదు.

కాబట్టి మా తీర్మానం ఇది: వారానికోసారి వెళ్లడం ఆపి, నలభై వారాల డబ్బు ఒకేసారి మూడు వారాల్లో ఖర్చు పెడతాం. ఖర్చు అంతే, కష్టమల్లా మనుషులకి. తమ్ముడు సెలవు పెట్టి రోజూ తీసుకెళ్తాడు. ఫోను సాధన రాత్రిపూట ఇరవై నిమిషాలు, అదీ మరుసటి రోజు థెరపీలో వాడబోయే మాటలే.

ఏయే సందర్భాలు సాధన చేయాలో రాసి తెమ్మని థెరపిస్ట్ మేడమ్ అడిగారు. నేను పాలవాడు, మందుల షాపు, అమ్మమ్మతో ఫోను అని రాశాను. నాన్న కాగితం లాక్కుని, తల అడ్డంగా ఊపి, పై పెదవి మీద వేలు పెట్టి చూపించారు. అప్పుడు గుర్తొచ్చింది. స్ట్రోక్ తర్వాత మొదటిసారి క్షవరానికి వెళ్లినప్పుడు, వద్దని చెప్పలేక నలభై ఏళ్ల మీసం తీయించుకుని వచ్చారు. జాబితాలో మొదటిది ఇప్పుడు మంగలి షాపు.