పాతిక వేల టెలిస్కోపు, అష్టమి చంద్రుడు: రెండేళ్ల వాడకం తర్వాత

2023 ఆగస్టు 23 సాయంత్రం ఆరు దాటాక చంద్రయాన్-3లోని విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువానికి చేరువలో దిగినప్పుడు ఇంటిల్లిపాదీ టీవీ ముందే ఉన్నాం. ఆ రోజు నిజ శ్రావణ శుద్ధ సప్తమి. డాబా ఎక్కితే మబ్బుల సందుల్లో దాదాపు సగం చంద్రుడు కనిపించాడు. "నాన్నా, టెలిస్కోపుతో చూస్తే విక్రమ్ కనిపిస్తుందా?" అని మా అబ్బాయి అడిగాడు. కనిపించదని చెప్పాను గానీ, ఎందుకు కనిపించదో అప్పటికి నాకూ సరిగా తెలియదు. ఆ ప్రశ్న వెంటపడి వెంటపడి, చివరికి దసరా సెలవుల్లో ఒక టెలిస్కోపు కొనేలా చేసింది. ఇప్పుడు రెండేళ్లు నిండాయి కాబట్టి, కొనాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

నేను కొన్నది 130 మిల్లీమీటర్ల అద్దం, 650 మిల్లీమీటర్ల నాభ్యంతరం (అద్దం నుంచి వెలుగు ఒకచోట కలిసే బిందువు దాకా దూరం) ఉన్న టేబుల్‌టాప్ డాబ్సోనియన్. ఇదే అమరికను నాలుగైదు కంపెనీలు తమ తమ పేర్లతో అమ్ముతున్నందువల్ల ఫలానా బ్రాండు అని చెప్పడం లేదు. పాతిక వేల లోపు అయింది. లోపల ఉన్నది న్యూటన్ 1668లో చేసిన పరావర్తన టెలిస్కోపు సూత్రమే: గొట్టం అడుగున పుటాకార దర్పణం, పైన ఏటవాలుగా ఒక చిన్న చదును అద్దం, పక్కన కన్ను పెట్టే ఐపీస్. గొట్టాన్ని మోసే చెక్క పీఠం మాత్రం జాన్ డాబ్సన్ ఆలోచన. ఆయన కాలిఫోర్నియాలోని వేదాంత ఆశ్రమాల్లో ఇరవై మూడేళ్లు సన్యాసిగా ఉండి, పారేసిన గాజుపలకలు అరగదీసి అద్దాలు చేసి, అట్ట గొట్టాలకు బిగించి, దారిన పోయే వాళ్లను పిలిచి చంద్రుణ్ణి చూపించేవాడు. ఆశ్రమానికి ఈ వ్యాపకం నచ్చక 1967లో ఆయనను పంపించేసింది. గేర్లు, మోటార్లు ఏమీ లేకుండా చేత్తో తోస్తే తిరిగే ఈ పీఠం వల్లే డబ్బంతా అద్దానికి వెళుతుంది. ఈ ధరలో దీనికి మించిన గుణం మరొకటి లేదు.

కొనేవాళ్లు ముందుగా గమనించవలసింది అద్దం వ్యాసం, అంతేగాని ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందని డబ్బా మీద రాసే అంకె కాదు. అరవై మిల్లీమీటర్ల బొమ్మ టెలిస్కోపుల మీద ఐదు వందల రెట్లని అచ్చేస్తారు. స్థూలంగా మిల్లీమీటరుకు రెండు రెట్లకు మించి పెంచితే బొమ్మ పెద్దదవుతుంది, వివరం మాత్రం పెరగదు. కాబట్టి వాటికి నూట ఇరవై దాటితే వృథా. నా టెలిస్కోపుతో వచ్చిన రెండు ఐపీస్‌లు 26 రెట్లు, 65 రెట్లు ఇస్తాయి. తర్వాత విడిగా ఐపీస్ రెట్లను రెండింతలు చేసే ఒక బార్లో కటకం కొన్నాను, దానితో 130 రెట్లు వస్తుంది. మా డాబా మీద గాలి నిలకడగా ఉండే రాత్రులే తక్కువ కాబట్టి అంతకు మించి నేను ఆశించలేదు.

ఇక మా అబ్బాయి ప్రశ్న. 130 మిల్లీమీటర్ల అద్దం విడదీసి చూపగల అతి చిన్న కోణం సుమారు 0.9 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను). 3,84,400 కిలోమీటర్ల దూరంలో అది ఒకటిన్నర కిలోమీటరుకు పైనే అవుతుంది. విక్రమ్ వెడల్పు రెండు మీటర్లు. అంటే మన ఊరి మీద ఉన్న చెరువులు, గుట్టలు కనిపించవచ్చు గానీ, ఆ ఊళ్లో ఆగిన ఆటో కనిపించదు. ఈ లెక్క ఇద్దరం కలిసి కాగితం మీద వేసుకున్నాక వాడు ఎక్కువ నిరాశపడలేదు. ల్యాండర్ కనిపించకపోయినా అక్కడి నేల కనిపిస్తుందన్న మాటే వాడికి కొత్తగా ఉంది.

ఆ నేల కోసమే ఈ టెలిస్కోపు కొనవచ్చని నా నిశ్చితాభిప్రాయం. కొత్తవాళ్లు చేసే పొరపాటే నేనూ చేసి, మొదటిసారి పౌర్ణమి నాడు చూశాను. కళ్లు చెదిరే తెల్లటి పళ్లెం తప్ప ఏమీ తోచలేదు. ఎదురుగా పడే ఎండలో నీడలు ఉండవు, నీడలు లేనిదే ఎత్తుపల్లాలు తెలియవు. శుద్ధ సప్తమి నుంచి దశమి దాకా చూడాలి. చీకటి వెలుగుల సరిహద్దు వెంబడి ప్రతి గోతికీ ఒక నీడ, ప్రతి కొండకూ ఒక వెలుగు అంచు ఉంటాయి. అష్టమి నాడు చంద్రుడి మీది అపెనైన్ పర్వతాలు సరిగ్గా ఆ అంచున నిలుస్తాయి. ఇంకా తెల్లవారని చీకట్లో వాటి శిఖరాలు ఒక్కొక్కటీ విడి చుక్కల్లా వెలుగుతుంటాయి. నవమి దశముల్లో 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ గోతిలోకి ఉదయం ప్రవేశిస్తుంది. ఆ ఉదయం చంద్రుడి మధ్యరేఖ దగ్గర గంటకు పదిహేను కిలోమీటర్ల చొప్పున, అంటే నిమ్మళంగా తొక్కే సైకిలు వేగంతో ముందుకు జరుగుతుంది. భోజనానికి వెళ్లి వచ్చేసరికి నీడలు మారిపోయి ఉంటాయి. పంచాంగంలోని తిథి అంటే సూర్యచంద్రుల మధ్య పన్నెండు డిగ్రీల ఎడమేనని నాకు పుస్తకంలో చదివినప్పటికన్నా ఇలా చూసినప్పుడే బోధపడింది. మా ఇంట్లో ఇప్పుడు క్యాలెండరులో తిథులు చూసేది పూజల కోసం మాత్రమే కాదు.

65 రెట్ల దగ్గర చంద్రుణ్ణి నడిమధ్యలో పెట్టి చెయ్యి తీసేస్తే, సుమారు మూడు నిమిషాల్లో జారి అంచు దాటిపోతాడు. మొదట్లో పీఠం కదులుతోందనుకుని మరలు బిగించాను. కదిలేది భూమి. ప్రతి కొద్ది నిమిషాలకూ గొట్టాన్ని తోయవలసి రావడం ఈ నమూనాకున్న అసౌకర్యమని కొందరు రాస్తారు. నాకైతే భూభ్రమణాన్ని కంటితో చూసిన సందర్భం జీవితంలో అదొక్కటే.

గ్రహాల్లో గురుడు నమ్మకమైనవాడు. 65 రెట్ల దగ్గర లెక్క ప్రకారం మామూలు కంటికి కనిపించే చంద్రుడికన్నా పెద్దగా ఉండాలి, కానీ మనసుకు బఠాణీ గింజంతే అనిపిస్తాడు. రెండు పట్టీలు, పక్కన వరుసగా గెలీలియో 1610లో చూసిన నాలుగు ఉపగ్రహాలు స్పష్టంగా ఉంటాయి. నలభై రెండు గంటల్లో చుట్టి వచ్చే ఐయో చోటు మారడం రెండు గంటల్లోనే తెలిసిపోతుంది. శని వలయాలు 2023లో తేలిగ్గా కనిపించినా, ఏడాది తిరిగేసరికి సన్నబడి సూదిలా అయ్యాయి. 2025 మార్చిలో అవి భూమి వైపుకు అంచు మాత్రమే ఉండేలా నిలిచాయి, ఇకపై మెల్లగా విచ్చుకుంటాయి. మా నాయనమ్మకు చూపిస్తే, "శని దృష్టి మన మీద పడకూడదంటారు, నువ్వేమో ఆయన మీదే దృష్టి పెట్టించావేంట్రా" అని నవ్వింది. శని సూర్యుణ్ణి చుట్టడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు పడుతుంది కాబట్టి రాశికి రెండున్నర ఏళ్లు, మూడు రాశులకు ఏడున్నర, ఆవిడ భయపడే ఏలినాటి శని లెక్క అదేనని చెప్పాను. ఆవిడకది ముందే తెలుసు.

సౌరకుటుంబం దాటితే ఆశలు తగ్గించుకోవాలి. డబ్బా మీద రంగురంగుల నీహారికలు అచ్చేశారు, అది మోసమే. పిల్లలకోడి 26 రెట్ల దగ్గర అద్భుతంగా ఇమిడిపోతుంది, మృగశిర దగ్గరి ఒరాయన్ నీహారిక బూడిద రంగు మసకగా కనిపిస్తుంది. ఆండ్రోమెడా గెలాక్సీ హైదరాబాదు నుంచి చూస్తే అద్దం మీద వేలిముద్రలా ఉంది. ఊళ్లో పొలం గట్టు మీది నుంచి చూస్తే మాత్రం ఆ వేలిముద్ర బాగా సాగింది. అక్కడి నుంచి బయల్దేరిన వెలుగు మన కంట పడడానికి పాతిక లక్షల ఏళ్లు పట్టిందని తెలిసి చూస్తే ఆ మసకకే విలువ వస్తుంది, తెలియకపోతే అది మసకే.

లోపాలూ ఉన్నాయి. రవాణాలో అద్దాల అమరిక చెడి వచ్చింది, నక్షత్రాలన్నీ తోకచుక్కల్లా కనిపించాయి. అమ్మిన దుకాణానికి ఫోన్ చేస్తే అది మామూలే అన్నారు. వీడియోలు చూసి నేనే మూడు మరలు తిప్పి సరిచేసుకున్నాను. టేబుల్‌టాప్ అన్నారు గానీ ఇంట్లోని ఏ బల్లా వణకకుండా నిలబడలేదు, చివరికి నీళ్ల ట్యాంకు పక్కన ఉన్న సిమెంటు దిమ్మే గతి అయింది. పగలంతా కాగిన డాబా రాత్రి తొమ్మిది దాకా వేడి వదులుతూనే ఉంటుంది, అంతవరకూ గురుడు నీళ్లలో నాణెంలా అల్లాడతాడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే. ఆ నెలల్లో గొట్టానికి మూత పెట్టి సిలికా జెల్ పొట్లాలు వేయకపోతే అద్దానికి బూజు పడుతుంది. పగలు పిల్లల చేతికి ఇవ్వవద్దు: తగిన సౌర ఫిల్టరు లేకుండా సూర్యుడి వైపు ఒక్క క్షణం తిప్పినా చూపు పోతుంది.

ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి డబ్బా మీది బొమ్మలకూ, రాని మరమ్మతుకూ. కొనేవాళ్లు కార్తీకంలో కొనండి, ఆకాశం తేటగా ఉంటుంది. మొదటి రాత్రి శుద్ధ అష్టమి అయ్యేలా చూసుకోండి.